అడుగున అంటినది

బర్రవో రేవులో 'టిర్రిక్'ని ఒడ్డుకి లాగి
రెండు పక్కలా దుంగలు ఆనించి నిలబెట్టారు.
నా చేతిలో చిన్న సుత్తి.
పడవల ఒళ్లు చూసి కాగితం రాసివ్వడం నా ఉద్యోగం.
ఆ కాగితంలో మాటిమాటికీ రాసే మాట ఒక్కటే: సౌండ్.
చప్పుడని కాదు.
గట్టిగా ఉంది, పుచ్చు లేదు,
నమ్మి నీళ్లలోకి దిగొచ్చు అని.

తెలిసేది మాత్రం చప్పుడు వల్లే.
కొట్టి వింటాను.
మంచి చెక్క ఖంగుమంటుంది.
పుచ్చిన చెక్క,
అప్పడిగితే చుట్టం గొణిగినట్టు గొణుగుతుంది.

గిడియన్ హాల్‌క్రోకి ఎనభై ఒకటి.
నలభై ఏళ్లు ఇంజను పక్కన నిలబడి
రెండు చెవులూ దానికే ఇచ్చేశాడు.
అమ్మేస్తున్న పడవ మీద నేను సుత్తి వేస్తుంటే
పలకకి అరచెయ్యి ఆనించి నా వెంటే నడిచాడు,
బిడ్డ కదిలిందో లేదో చూసే మంత్రసానిలా.

ముందు రోజు రాత్రి, బసలో, నిద్రపట్టక
కుంటి బల్లకి ఎత్తు పెట్టిన నిఘంటువుని పైకి లాగాను.
ఈ మాట ఒకచోట లేదు. నాలుగుచోట్ల ఉంది,
నెత్తిన చిన్న చిన్న అంకెలతో.
ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలు కారు.
చప్పుడేమో లాటిన్‌లో పుట్టి ఫ్రెంచివాళ్ల నోట పడి వచ్చింది.
వచ్చినప్పుడు తోక లేదు, ఉత్త 'సౌన్'.
చివరి 'డ్' ఎవరి నాలుక తడికి అంటుకుందో,
నౌక అడుగున నత్తగుల్లలా ఇక ఊడలేదు.
ఆరోగ్యం పాత ఇంగ్లీషు మట్టిలోనే మొలిచింది.
కిటికీ అవతల చీకట్లో కదులుతున్న జలసంధి, యెల్ సౌండ్,
దానికి ఆ మాట తెచ్చింది ఉత్తరాది పడవలవాళ్లు.
వాళ్ల భాషలో ఈతకీ అదే మాటట.
ఈదదగ్గ నీరు అనుకున్నారేమో.
మా పెదనాన్న ఆ నీళ్లు ఈదబోయినవాడే.
ఆ సంగతి నిఘంటువులో లేదు.
నాలుగోది, లోతు చూడడం.
దాని పుట్టుక దగ్గర మాత్రం
'బహుశా' అని రాసి ఊరుకున్నారు పండితులు.

ఎడమవైపు, వెనక నుంచి మూడో పలక.
కొట్టాను. గొణిగింది.
జానెడు జరిగి మళ్లీ కొట్టాను.
గిడియన్ పడవని చూడడం లేదు, నన్ను చూస్తున్నాడు.
చెవిటివాడి ముందు దాచడం ఎంత కష్టమో!
మాట ఎలాగూ వినడు, మొహమే వింటాడు.
"అదా," అన్నాడు, అవసరానికి మించి గట్టిగా,
రేవు మీద పక్షులు లేచిపోయేలా.
"అది నేను విన్నాలే. వినపడే రోజుల్లో."
రాయమన్నాడు.
రాశాను: ఒక్క పలక తప్ప, సౌండ్.

పడవలోంచి తనకని తీసుకున్నది ఒక్కటే.
పిడికెడు సీసపు గుండు, దానికో తాడు,
తాడుకి కొలతల గుర్తులుగా తోలు ముక్కలు.
గుండు అడుగున బొటనవేలు పట్టేంత గుంట.
అందులో కొవ్వు మెత్తి నీళ్లలోకి వదిలేవారు.
ఎన్ని బారలో తాడు చెబుతుంది.
కింద ఇసుకో, బురదో, గవ్వల నూకో
కొవ్వుకి అంటినది చెబుతుంది.
రాయిలా బిగిసిన ఆ పాత కొవ్వులో
గోరంత గవ్వ పెంకు ఇంకా ఉంది.
"ఎక్కడిది?" అన్నాను.
"పదకొండు," అన్నాడు.

ఉల్‌స్టా నుంచి ఆఖరి ఫెర్రీ.
పొద్దున్నే లెర్విక్‌లో చెవుల డాక్టరు దగ్గర పనుందని
నా కారులోనే వచ్చాడు.
రేవు వదులుతూ హారన్ కూసింది,
నా పళ్లు కూడా అదిరాయి.
గుండు ఒళ్లో పెట్టుకుని ఆయన నిద్రపోతున్నాడు.
అలాంటి నిద్రకీ మా దగ్గర ఆ మాటే ఉంది, వేరే లేదు.
ఇనుప నేల కింద నల్లగా నీళ్లు.
ఇక్కడ ఎన్ని బారలో అడుగుదామనుకున్నాను.
లేపబుద్ధి కాలేదు.