తెనాలి దాకా

బ్రాడీపేట నాలుగో లైన్లో ట్రావెల్స్ కుర్రాడు
రాత్రి పదింటి వరకే టికెట్ ఆపుతానన్నాడు.
గన్నవరం, కలకత్తా, ఢాకా.
మూడో పేరు దగ్గర గొంతు తగ్గించాడు
రోగి మంచం పక్కన మాట్లాడినట్టు.

నలభై టన్నుల తేజ మిరప
అక్కడి రేవులో మగ్గుతోంది.
మొఫిజుల్ ఇవ్వాల్సింది ముప్పై ఎనిమిది లక్షలు.
ఇవ్వనని ఎప్పుడూ అనలేదు.
మొదటి వారం బ్యాంకులు మూశారన్నాడు,
రెండో వారం నెట్టే లేదు,
నిన్న పొద్దున ఒక వాయిస్ మెసేజి:
"షట్టరు సగం ఎత్తుకుని కూర్చున్నా, దాదా."
వెనకాల ఏదో పగిలింది.
ఆ వెంటనే ఎవరినో టీ తెమ్మన్నాడు.
ఆ చప్పుడు పదకొండు సార్లు విన్నాను,
అద్దమా, తూటానా, ఒట్టి పింగాణీ సాసరా అని.
టీ తెమ్మన్న మాట ఒక్కసారే విన్నాను.

మా ఆవిడ శేషకుమారి లెక్క వేరు.
"డబ్బు పోతే కోల్డ్ స్టోరేజీ రసీదులు తాకట్టు పెడతాం.
నువ్వు పోతే ఏ రసీదు పెట్టను?"
అని పెనం మీద నీళ్లు చల్లింది.
ఇక మాట్లాడేదేం లేదన్నట్టు చుయ్యిమంది పెనం.

యార్డులో ఏసురత్నం బస్తా దించి, రెండుసార్లు తుమ్మి,
"ఘాటుకి జడిస్తే యార్డుకి రాలేం గదండీ,
ఒచ్చినాక చెయ్యి కంటికి పోకుండా చూసుకోవాల" అన్నాడు.
నా గొడవేమిటో అతనికి తెలియదు.
రెండు వారాల మూటకూలి బాకీ ఉన్నానని మాత్రం తెలుసు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు బెజవాడలో కర్ఫ్యూ.
రేడియో లోపల ఊరు తగలబడుతోంది.
రేడియో పక్కన అమ్మ కందిపచ్చడి నూరుతోంది.
కృష్ణలంకలో మా డాబా ఎక్కితే పొగ కనపడేది, నిజమే.
పక్కింటి పిన్నిగారు గోడ మీంచి గ్లాసుడు పాలు అందించేది.
సడలించిన గంటలో క్షవరానికెళ్లిన నాన్న
సగం గడ్డంతో పరిగెత్తుకొచ్చాడు.
దూరాన్నించి విన్నవాళ్లకి అవి అల్లర్లు,
మాకు, డబ్బాలో బియ్యం ఎన్నాళ్లొస్తాయన్న లెక్క.

అమ్మకి అప్పుడు నెలలు నిండాయి.
చీరాల్లో మామయ్య బయల్దేరాడని కబురొచ్చింది.
తెనాలి దాకా వచ్చాడట.
ప్లాట్‌ఫారం మీద ఎవరో ఏదో చెప్పారట.
వెనక్కి తిరిగాడు.

తమ్ముడు ఇంట్లోనే పుట్టాడు, బాగానే పుట్టాడు.
బతికినన్నాళ్లూ అమ్మ మామయ్యని పల్లెత్తు మాట అనలేదు.
ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు మాత్రం
మారు వడ్డిస్తూ అడిగేది:
"తెనాల్లో రైలు ఎంతసేపాగుద్దిరా?"

ముప్పై అయిదేళ్లు ఆయన్ని పిరికివాడనే అనుకున్నాను.
ఇవాళ వేళ్ల మీద లెక్కేశాను,
అప్పటికి నాకంటే పదేళ్లు చిన్న.
జేబులో చెప్పుల కొట్టు తాళాలు,
ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు.
ఆ ప్లాట్‌ఫారం మీద ఎంతసేపు నిలబడ్డాడో,
ఎన్ని బెజవాడ బళ్లు ఒదిలేశాడో
మాలో ఎవరం అడగలేదు.

మొఫిజుల్ నాకు అన్నా కాదు, తమ్ముడూ కాదు.
ఆరేళ్ల కిందట నా సరుకు తడిసి బూజు పడితే
"సముద్రం చేసిన తప్పు నీ మీద వెయ్యనా దాదా"
అని పూర్తి ధర పంపినవాడు.
అది వ్యాపారం కాదనడానికి ధైర్యం చాలదు,
వ్యాపారమే అనడానికి నోరు రాదు.

పదవుతుంటే ఫోను.
"ఏం చెయ్యమంటారు సార్, రేటు పెరిగిపోతోంది."
వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.
చెయ్యి ఇంకా మండుతూనే ఉంది, ఎన్నిసార్లు కడిగినా.

"కలకత్తా దాకా కొట్టు" అన్నాను.

"లైను సరిగ్గా లేదు సార్,
ఢాకా అన్నారా,
దాకా అన్నారా?"