ఇరవై ఒక్క గంటలు

వారానికి ఇరవై ఒక్క గంటలు.
అద్దె కాదిది, వడ్డీ కాదు.
గళ్ల నోటు పుస్తకంలో ఇంటికో పేజీ,
పైన పేరు, కింద గంటలు.
ఆ లెక్క రాసేది నేను.
దస్తూరీ బాగుంటుందని కాదు,
అబద్ధమాడితే నా చెవులు ఎర్రబడతాయని
నన్ను ఎన్నుకున్నారు.

అంతకు ముందు మేమంతా
మోంటెవిడియో రేవు వెనక
ఒక మూడంతస్తుల కొంపలో గదికో కుటుంబం.
అంతస్తుకి ఒక్క కుళాయి.
ఒకటో తారీఖున ఇంటాయన మనిషి తలుపు కొట్టేవాడు
మూడు దెబ్బలు, మధ్యలో సందు లేకుండా.
మా పిల్లలు అంకెలకన్నా ముందు
ఆ మూడు దెబ్బలు నేర్చుకున్నారు,
ఊపిరి బిగబట్టడం కూడా.

ఒక మార్చిలో మెట్ల దగ్గర కాగితం అంటించారు,
ఈ కొంప హోటల్ కాబోతోందని.
లాండ్రీలో ఇస్త్రీ చేసే నీబియా
చదివి, మడత పెట్టి, జేబులో వేసుకుంది.
"ఇంకో గది వెతుక్కుంటే
అక్కడ ఇంకో కాగితం" అంది.

నగరం నేల ఇస్తానంది, సర్కారు అప్పిస్తానంది,
చేతులు మావే అన్నాం.
ఫైలు మూడేళ్లు నిద్రపోయింది.
వెళ్లి దాని తలుపు కొట్టాం
మూడు దెబ్బలు,
మధ్యలో సందు లేకుండా.

ఇల్లు కట్టి చూడమని పెద్దలు ఊరికే అనలేదు.
అయినా వాళ్లన్నది ఒక్క ఇంటి మాట.
మేం ముప్పై రెండు.
ఆస్పత్రి వంటమనిషీ, బస్సు డ్రైవరూ,
జీవితంలో తాపీ పట్టని నేనూ.
దక్షిణపు గాలి సిమెంటు బస్తాల్ని చింపే పొద్దున
ఒకే బుర్ర, ఒకే గొట్టం,
చేతి నుంచి చేతికి మాటే, వేడిగా, చేదుగా.
ఏ ఇల్లు ఎవరిదో చీటీలు తీసేదాకా తెలీదు.
అందుకని ప్రతి గోడా మనదే అనుకోవాలి,
లేదా ఏదీ కాదనుకోవాలి.
రోజును బట్టి రెండూ అనుకున్నాను.

జూన్‌లో హెబెర్ పేజీ ఖాళీ అయింది.
నలభై ఏళ్లు ఓడల్లో ఉన్ని మూటలు మోసిన ఛాతీ
ఇప్పుడు ఇటుక పేరు చెబితే దగ్గుతుంది.
సభ పెట్టాం రేకుల షెడ్డులో.
"నా ఆదివారాలు ఎవరిస్తారు?" అన్నాడు వడ్రంగి ఉబాల్డో.
తప్పేమీ అనలేదు.
పదకొండు ఓట్ల తేడాతో నియమం గెలిచింది.
నేను చెయ్యి ఎత్తలేదు,
ఎటువైపూ.

మర్నాడు నేను పేర్చిన గోడ వంకరపోయింది.
తూకం గుండు చెబుతూనే ఉంది.
విననట్టు పైకి పోయాను.

ఆ శనివారం చీకటి పడ్డాక
ఉబాల్డో నా బల్ల దగ్గర నిలబడ్డాడు,
గోళ్లలో రంపపు పొట్టు.
"నావి రెండు గంటలు ఎక్కువున్నాయి.
హెబెర్ పేజీలో వెయ్యి.
ఎవరివని రాయకు."
తర్వాత నీబియా. తర్వాత డ్రైవరు,
ఒకరికి తెలీకుండా ఒకరు,
దొంగల్లా.
చెవులు కాలాయి.
రాశాను.
ఆ ఏడాది అందరికన్నా నిండైన పేజీ
మంచం దిగని మనిషిది.

చీటీలు నీబియా మనవరాలు తీసింది,
బిస్కట్ల డబ్బాలోంచి.
నాకు పందొమ్మిది.

కొత్త ఇంట్లో మొదటి రాత్రి
తలుపు చప్పుడైంది.
మూడు దెబ్బలు.
చెయ్యి దానంతటదే దీపం మీదికి పోయింది,
పిల్లాడు ఊపిరి బిగబట్టాడు.
బయట దగ్గు.
"ఇరవై ఏడు నాది" అన్నాడు హెబెర్ గుమ్మంలో,
"వంటింటి గోడ వంకరగా ఉంది.
నీదేనట కదా?"

నవ్వుతున్నాడో లేదో చీకట్లో తెలీలేదు.
తాపీ తీసుకుని వెళ్లాను.
ఆ గంటలు
ఎక్కడా రాయలేదు.