ముడి ఉండేది నీది

ఎనిమిది నెలలు నిండినాయి బోగీకి.
పాలపండ్లు ఊడి కొత్తవొచ్చి చానా దినాలాయె,
అయినా నోరు ఊరకుండదు.

గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో
నేను నైటు డ్యూటీకి తాళమేసుకొని పోతే
తెల్లారేసరికి ఎడమకాలి చెప్పు పీలికలు.
కుడిది ముట్టలేదు, ఏంటికో.
దిండు గలేబు, టార్చిలైటు పట్టీ,
మా మేనత్త ఇచ్చిన నులకమంచం కోడు.
వేపకొయ్య అది. చేదు కూడా చూడలేదు.

కారం పూయమనింది పక్కింటి నాగరత్నమ్మ.
పూసినా.
నాకింది, తుమ్మింది, తొట్టిలో నీళ్ళు తాగి
మళ్ళీ అదే మంచం కాడికొచ్చి కూర్చుంది.
సీమలో పుట్టిన కుక్క మరి.

కొట్టినా కూడా. అబద్ధమెందుకు.
చీపురు తిరగేసి రెండు దెబ్బలు.
అది కొరికింది రాత్రి పదకొండుకి,
నేను కొట్టింది పొద్దున ఏడుకి.
ఆ ఎనిమిది గంటల నడుమ
దాని తలకాయలో పట్టాలు లేవు.
నేర్చుకున్నది ఒకటే,
తాళం చప్పుడైతే మంచం కింద దూరాలని.
నేనొస్తే తోక ఊపే ప్రాణి ఒకటుండె,
అదీ లేకపాయె ఆ వారం.

తర్వాత జెండా.
ఎర్రది వదిలేసి పచ్చది తినింది.
నడిమధ్యలో మామిడికాయంత బొక్క.
కొత్తది అడగబోతే స్టేషన్ మాస్టరు ఓబుళపతి సారు
దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి
ఆ బొక్కలోంచి నన్ను చూసినాడు.
"ఎలకలా కుళ్ళాయమ్మా?"
"ఎలకలే సార్."
రిజిస్టరులో ఇప్పటికీ ఎలకలే ఉండాయి.

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు మద్దిలేటి
దాని పెదివి ఎత్తి చూసి
"పండ్లల్లో ఏం లేదమ్మా, వయసు" అన్నాడు.
"ఏదో ఒకటి కొరకాల్సిందే ఇప్పుడు.
నువ్వియ్యకపోతే అదే ఎతుక్కుంటాది.
అయినా చూడు, అది కొరికినవన్నీ
నీ కాలివి, నీ చేతివి, నీ తలవి.
అంగట్లో తెచ్చిన బంతి ముట్టిందా?"

ముట్టలేదు.

ఆ రాత్రి బొగ్గు గూడ్సు మూడు గంటలు లేటు.
కేబిన్ మెట్ల మీద ఒక్కదాన్నే కూర్చోనుంటే
విజిలు తాడు నా పండ్ల నడుమ ఉండాది.
ఎప్పుడు పెట్టుకున్నానో.

పాత డ్యూటీ చొక్కా చేతులు రెండూ కత్తిరించినా.
"వద్దమ్మా, పాత చొక్కా ఏదో కొత్త చొక్కా ఏదో
దానికెట్ల తెలుస్తాది?" అన్నాడు మద్దిలేటి.
నిజమే. అందుకే ముళ్ళు వేసినా,
అయిదు ముళ్ళు, బండికి సరుకు కట్టినంత గట్టిగా.
తడిపి, నాగరత్నమ్మ ఫ్రిజ్జులో గడ్డకట్టించి,
ఎదురుగా గొంతుక్కూర్చొని చెప్పినా:
ముడి ఉండేది నీది.
ముడి లేనిది నాది.
నలభై తూర్లు చెప్పింటా.
చెప్పు నోట పట్టినప్పుడల్లా అరవకుండా
ముడి చూపించి మార్చుకున్నా,
సంతలో బేరం మాదిరి.
డ్యూటీకి ముందర గూడ్సు షెడ్డు దాకా ఉరికించినా.
దానికంటే నాకే ఎక్కువ రొప్పు.
తాళమేసే ముందర బొమికకి ఇంత సంగటి మెత్తి పెట్టినా.

మూడు వారాలు బాగుండె.
నాలుగో వారం నా బెల్టు పాయె.
నవ్వాల్నో ఏడ్వాల్నో తెలీక
బెల్టు ముక్కకి కూడా ముడేసి ఇచ్చినా.

నిన్న పొద్దున తాళం తీస్తే
మంచం కింద లేదు.
గడప కాడనే ఉండాది, తోక నేలకేసి కొడుతూ,
నోట్లో ఖాకీ ముడి.
పక్కన నా ఎడమ చెప్పు, కొత్తది.
తిరగేసి చూసినా, పంటి గాటు లేదు.
ఊరకే దాని మీద మూతి పెట్టుకొని
తెల్లార్లూ పడుకున్నట్టుండాది.

ఆ తడి చెప్పులోనే కాలు పెట్టి
బిందె తీసుకొని
కొళాయి కాడికి పోయినా.