దరఖాస్తు

సిరోంచల నెట్ పోయి మూడు రోజులు.
ఆఖరు తేదీ ఇయ్యాల్నే, అర్ధరాత్రి దాకా.
ప్రాణహిత వంతెన సగం దాకా నడిస్తే
అవతలి టవర్ అందుతది.
అందంగనే ఫోన్ అంటది: తెలంగాణకు స్వాగతం.
నాలుగడుగులు వెనక్కి వేస్తే: మహారాష్ట్రకు స్వాగతం.
నేను ఏడికీ పోకుండనే
రెండు రాజ్యాలు రా రమ్మంటున్నయి.

క్లినికల్ సైకాలజీల పీహెచ్‌డీ.
ఫారం పదకొండు పేజీలు.
పేరు: దుర్గం సువర్ణ.
మాతృభాష కాడ పట్టీ జారుతనే ఉంది,
మరాఠీ దాటింది, హిందీ దాటింది,
తెలుగు కోసం వేలు అరిగి
'ఇతర' అని నొక్కిన.

చదువు నడుమ నాలుగేండ్ల ఖాళీకి కారణం రాయమన్నరు.
ఖాళీనా?
సోమవారం సిరోంచ, బుధవారం ఆసరెల్లి,
జీపు దొరికిన శుక్రవారం జింగానూర్.
నెలకోపారి గడ్చిరోలి నుంచి పెద్ద డాక్టర్ వస్తడు,
రోడ్డు ఉంటే.
తక్కిన దినాలు నేనూ, ఒక బల్లా, రెండు కుర్చీలూ,
కుర్చీల కూసునుడు తప్పేమోనని
గోడకు ఆనుకొని గొంతుకూసునేటోళ్లూ.
'క్షేత్రస్థాయి అనుభవం' అని రాసిన.
అంతకన్న ఎక్కువ ఆ డబ్బాల పట్టదు.

సిఫారసు ఉత్తరం అడిగితే మా సార్
'నువ్వే రాసి పంపమ్మా, సంతకం పెడ్త' అన్నడు.
నా గురించి నేనే మూడో మనిషినై రాసిన:
ఆమె ఓపిక గల మనిషి. ఆమె బాగా వింటది.
సిగ్గేసి
'బాగా' కొట్టేసిన.

పరిశోధన సమస్య ఏమిటి, అంటది ఆరో పేజీ.
సమస్య పేరు గాదె ఓదెలు అని రాయరాదు కద.
వంతెన పడక ముందు
ఇవే నీళ్ల మీద నావ నడిపినోడు.
నిద్ర పడ్తలేదని వచ్చిండు ఎండల.
ప్రశ్నల కాగితం తీసిన.
గడిచిన రెండు వారాలల్ల ఎన్ని దినాలు నిరాశగా అనిపించింది?
'నిరాశ అంటే?'
అంటే, ఉషారు లేకపోవుడు.
'వరద దినాలల్ల తప్ప నాకు ఉషారు ఎన్నడున్నది?'
మరి ఒంట్ల ఎట్లున్నది?
'కాళ్లకు రేవు తగుల్తలేదు బిడ్డా.'
దీనికి సున్నా వేయాల్నా, మూడు వేయాల్నా?
తొమ్మిదో ప్రశ్న, సచ్చిపోవాలని ఎన్నడన్న...
'థూ, లేదు' అని నవ్విండు. సున్నా.
మొత్తం నాలుగు. స్వల్పం.
కాగితం మీద ఓదెలు బాగనే ఉన్నడు.

అదే సంగతి ఫారంల ఇట్లయింది:
'సరిహద్దు ప్రాంత తెలుగువారి దుఃఖ వ్యక్తీకరణ,
ప్రామాణిక కొలమానాల పరిమితులు.'
రేవు ఆ వాక్యం కింద ఏడనో మునిగింది.
ఎన్నిసార్లు తిరగరాసినా తేలలె.

పదకొండు నలభై.
ఫైలు అరవై మూడు శాతం ఎక్కి ఆగింది.
ఫోన్ ఎత్తి పట్టుకొని వంతెన పొడుగునా తిరుగుతున్న.
స్వాగతం. స్వాగతం.

ముందట రెయిలింగు కాడ బీడీ నిప్పు.
ఒక కాలు కింది కడ్డీ మీద.
'ఎవలది?' అంది ఆ నిప్పు.
నేనే, దవాఖాన సువర్ణను.
'ఇంత రాత్రి ఈడేం జేస్తున్నవ్?'
దరఖాస్తు పెడుతున్న తాతా.
ఓదెలు కొద్దిసేపు ఆగి,
చెవు సరిగ వినరాకనో, వినబట్టో,
'ఏ దరికి?' అన్నడు.

అరవై ఎనిమిది దాటింది చక్రం.
ఆ కాలు కడ్డీ మీదనే ఉంది.
తొమ్మిదో ప్రశ్న నాలుక దాకా వచ్చింది,
దానికి ముందు ఇంకోటి అడగాలనిపించింది,
ఏ కాగితంల లేనిది.
ఫోన్ బోర్లించి, పోయి పక్కన నిలబడ్డ.
నీళ్లు ఎంత లోతున్నయి తాతా, ఇక్కడ?

'ఇక్కడా? రెండు నిలువులు.
గా రాయి కాడ మూడు.
గా రాయి ఉన్నదే, దాని కథ వేరే...'

కాలు దించిండు, చెయ్యి చూపనీకి.
చెప్పవట్టిండు, ఒక్కో సుడిని పేరు పెట్టి పిలుస్తూ.
తొమ్మిదోది మళ్ల అడిగిన, నడుమల,
మెల్లగ.
ఈసారి నవ్వలె.

పన్నెండు ఎప్పుడు దాటిందో తెల్వదు.
రెయిలింగు మీద బోర్లున్న ఫోన్ అంచుకు
సన్నని వెలుగు ఒకటి వచ్చి పోయింది.
ఎక్కిందో, తిరిగొచ్చిందో,
మళ్ల స్వాగతమేనో.