గట్టురాయి లేని పొలం

మా నాయన చెంగల్రాయుడు సర్వే ఆఫీసులో చైనుమాను.
నూరు లింకుల గొలుసు భుజాన వేసుకొని
పాకాల, దామలచెరువు, ఐరాల మిట్టల్లో
తగాదా పడ్డ గట్లన్నీ తిరిగినాడు.
జానెడు నేలకు పారలెత్తిన అన్నదమ్ముల నడుమ
వంగి, మేకు దిగ్గొట్టి
"ఇదిగో, ఇక్కడికి నీది" అనేవాడు.

నేను రేణిగుంట టవర్లో కూర్చుంటాను.
గొలుసు లేదు, మైకుంది.

రన్‌వే చుట్టూ మైళ్ళకొద్దీ గుండ్రటి గాదె ఒకటి,
కంటికి కనపడదు, మ్యాపులో చుక్కల గీత.
అది డి తరగతి ఆకాశం.
లోపలికి రావాలంటే నన్నడగాలి,
సరే అన్నదాకా అంచునే తిరగాలి.
దాని అవతల, వేరుశెనగ చేల మీద, తక్కువ ఎత్తున
జి తరగతి: ఎవర్నీ అడిగే పన్లేదు,
ఎదురొచ్చేవాణ్ణి నువ్వే చూసుకో.

కొత్తగా నేర్చుకుంటున్న హసీనా
టీ దగ్గర అడిగింది:
"అక్కా, నిషిద్ధం, నియంత్రితం, ప్రమాదం,
మూడూ గీతలే కదా, తేడా ఏంది?"

మొదటిది మూసిన తలుపు, కొట్టొద్దు.
రెండోది గొళ్ళెం పెట్టిన తలుపు,
వేళ చూసి, షరతు చూసి కొట్టు.
మూడోదానికి తలుపే లేదు మేయ్,
లోపల కుక్కుంది.
ఒకరోజు కట్టేసుంటారు, ఒకరోజు వదిలేస్తారు.
ఏ రోజేదో నోటామ్‌లో చదువుకో.

ఈ రోజు వదిలేసినారు.
శ్రీహరికోటలో రాకెట్టు.
విశాఖ పోయే విమానం రన్‌వే మొగదల నిలబడింది,
కిటికీల్లో వరసగా గుండ్లు, చందనం ఆరీ ఆరని గుండ్లు.
"ఇంకెంతసేపు?" అంటాడు కెప్టెను.
"పదకొండు నిమిషాలు."
తూర్పున మూసిన ఆకాశంలోకి
ఒక గద్ద తీరిగ్గా పోతోంది.
దానికి నోటీసు అందలేదు.

మొన్న కరకంబాడి కల్యాణ మండపం మీద డ్రోను లేచింది.
పోలీసులు పట్టుకొస్తే ఆ ఫొటోల పిల్లాడు
"మా మండపం మీదే కదా సార్ ఎగరేసింది!" అని ఏడుపు.
నాయన ఉంటే చెప్పేవాడు:
అబ్బయా, పట్టాలో ఆకాశం రాయరు.

ఆయన రిటైరైన ఏడు,
పెద్దసారును బతిమాలి ఒకసారి టవర్‌కు తెచ్చినాను.
మెట్లెక్కి, రొప్పు తీర్చుకొని,
నాలుగు దిక్కులా చూసినాడు. చాలాసేపు.
"గట్టురాయి యాడమ్మా?"
లేదు నాయనా, మాటే.
నేను ఆగంటే ఆగుతారు.
"కాదంటే?"
నేనేం చెప్పలేదు.
ఆయన కళ్ళద్దాలు పైకి తోసి,
తూర్పు కిటికీ అద్దం మీద
చూపుడువేలితో ఒక గీత గీసినాడు,
సర్వే రాయి మీద బాణం గుర్తులాగా, కింద చిన్న అడ్డగీతతో.

తుడిచేవాళ్ళకు చెప్పి చాన్నాళ్ళు ఉంచినాను.
ఎండ ఏటవాలుగా పడినప్పుడే కనపడేది.

ఇదిగో, అటే ఇప్పుడు తెల్లటి దారం ఒకటి లేస్తోంది,
చప్పుడింకా రాలేదు.
కెప్టెను మళ్ళీ అడుగుతున్నాడు.
ఆగండి, అంటున్నాను,
నాలుగు నిమిషాలు.