గుర్తుంచుకోని ఇనుము

తరమణిలో రెండో అంతస్తు, మూల గది.
ఇరవై రెండేళ్లు అక్కడ గాజు సామాను కడిగాను.
వకుళ మేడం బీకర్లలో
నల్లటి మడ్డి గోడకి కరుచుకుని ఉండేది.
సబ్బుకి పోదు, యాసిడ్‌కి పోతుంది.
నా గోళ్ల సందుల్లోంచి మాత్రం
ఆదివారాలు కూడా పోలేదు.

తొలి ఏడాదే అడిగాను, ఇదేంటమ్మా అని.
"తుప్పే ఏకాంబరం, కాస్త చదువుకున్న తుప్పు" అన్నారు.
సీసా పక్కన అయస్కాంతం పెట్టారు.
(మా చూళైలో పెళ్లికని తెచ్చి పాడైన స్పీకరులోంచి
నేనే ఊడబెరికి తెచ్చింది.)
నలుపంతా ఒక పక్కకి నడిచింది,
నీళ్లు తేటబడ్డాయి.
తీసేశారు. మళ్లీ కలగాపులగం.
"ఇంత చిన్నవైతే దేన్నీ గుర్తుపెట్టుకోవు.
అదే వీటి గుణం."

గుణమో దోషమో, పైవాళ్లకి అంతుపట్టలేదు.
ఢిల్లీ నుంచి కవర్లొచ్చేవి.
పల్చటి కవరంటే లేదనే.
ఆ రోజు ఆవిడ క్యాంటీన్‌కి వెళ్లకుండా
అమ్మోనియా వాసనలోనే పెరుగన్నం తినేవారు.

తర్వాత ఆ వేసవి.
విమానాల్లేవు, విదేశీ పెట్టెల్లేవు,
ఆసుపత్రుల్లో ముక్కుపుల్లలు గుట్టపడ్డాయి.
ఇద్దరమే బకెట్లలో కలిపాం
ఇనుప ఉప్పులు, పైన ఇసుక జాతి పూత.
పగిలిన వైరస్ లోపలి పోగు
ఈ తుప్పుకి చుట్టుకోవాలి, మురికి కడుక్కుపోవాలి.
"పట్టుకోవడం ఎవరైనా పట్టుకుంటారు.
చివర్న చుక్క నీళ్లలో వదలాలయ్యా,
వదలకపోతే పరీక్షే లేదు."
పదకొండు బ్యాచ్‌లు వదల్లేదు.
పన్నెండోది వదిలింది, తెల్లారుజామున.
ఆవిడ ఏమీ అనలేదు. బల్ల కింద
చెప్పులు వెతుక్కున్నారు, చాలాసేపు.

జూన్‌లో ఒక గొట్టం.
పేరుండదు, నెంబరే. వయసు పంతొమ్మిది,
మా వీధి పిన్‌కోడు.
మా చెల్లెలి కొడుక్కీ పంతొమ్మిదే.
అడగకూడదు. నేనడగలేదు.
ఆవిడ నా వైపు ఒకసారి చూసి
అంకె కనపడకుండా గొట్టం తిప్పి పెట్టారు.
సాయంత్రం లెక్కలో ఒకటి పెరిగింది.

నిన్న ఆవిడ రిటైర్మెంట్. శాలువా, సమోసా,
డైరెక్టరు ఉపన్యాసంలో ఆ వేసవికి ఒకటే వాక్యం,
అందులోనూ సంవత్సరం తప్పు.
ఆవిడ సరిదిద్దలేదు.
ఆఖరి బీకరు కడగబోతే వద్దన్నారు.
స్పీకరు అయస్కాంతం నా చేతిలో పెట్టారు.

బస్సులో జేబులో వేసుకున్నాను.
ఇంటి తాళంచెవి వచ్చి దానికి కరుచుకుంది.
చూళై దాకా
ఊడదీయలేదు.