పై మన్ను, కింది మన్ను

రాజేంద్రనగర్‌లో మా ల్యాబ్‌కి
గుడ్డ సంచుల్లో వస్తుంది నేల.
మూతికి పురికొస, పురికొసకి చీటీ,
చీటీ మీద ఊకె ముత్తయ్య దస్తూరి:
జిల్లేడు వాగు. గుంట నాలుగు. జానెడు లోతు.
ఇంకోదాని మీద, మూరెడు లోతు.
ఇంకోదాని మీద, నిలువెత్తు.
సెంటీమీటర్లలో రాయమని మూడుసార్లు ఫోన్ చేశాను.
"దిగింది నేను గద మేడమ్,
నా ఒళ్లే నాకు టేపు" అన్నాడు.
నవ్వొచ్చి ఊరుకున్నాను.

ఆ వాగు నేను చూడలేదు.
పదమూడేళ్లుగా వేళ్ల మధ్య నలిపి ఎరుగుదును.
గని రాకముందటి సంచులు
ఇంకా బీరువాలో ఉన్నాయి.
పైది నల్లమన్ను. విప్పితే తుంగ వేళ్లు,
ఒక నత్తగుల్ల.
కిందిది నీలిబూడిద రంగు బంకమన్ను,
చైత్రం దాకా చుక్క జారనివ్వని పిసినారి.

బొగ్గు ఆ రెండింటికీ కింద.
తీసేవాళ్లు తీస్తారు, సరే.
ఒప్పందం ఇరవై మూడో పేజీలో ఒక మాట ఉంది:
పై మన్ను వేరే కుప్ప, కింది మన్ను వేరే కుప్ప.
కుప్ప మీద జనుము చల్లాలి, ఊపిరి పోకుండా.
పని అయ్యాక
ఏ పొర ఎక్కడిదో అక్కడే పరవాలి.
వాగులోంచి లారీ పోకూడదు.

సోమవారం వచ్చినవి విప్పాను.
జానెడు లోతు సంచిలో
రాతిపొడి, బొగ్గు పలుకులు, గంధకం వాసన.
నిలువెత్తు సంచిలో
నల్లమన్ను, తుంగ వేరు,
చితికిన నత్తగుల్ల.

చీటీలు తారుమారయ్యాయేమోనని ఫోన్ చేశాను.
చాలాసేపు లారీల మోత.
"చీటీలు సక్కగనే ఉన్నయి మేడమ్.
వాగే తలకిందులైంది."

దగ్గుమందు సీసాలో నీళ్లు కూడా పంపాడు,
ఇటుక కడిగిన రంగు.
మీటరు ముల్లు నాలుగు దగ్గర ఆగింది.
చేప బతకదు. వరి నారు బతకదు.
ముత్తయ్య మేక తాగిందట,
అది మాత్రం బతికే ఉందట.

విఠల్‌రావు సారు అన్నాడు:
"సగటు తీసి పంపమ్మా.
మూడూ కలిపితే అంకె బాగానే వస్తుంది."
నిజమే. కలిపితే అన్నీ బాగానే వస్తాయి.
అక్కడ చేసిందీ అదే కదా, కలపడం.

ఏసీ గుర్రుమంటోంది.
ఆ కరెంటు ఎక్కడిదో నాకు తెలుసు.
ఒక పూట ఆపి చూశాను.
చెమట చుక్క పడి రిజిస్టరులో అంకె అలుక్కుపోయింది.
మళ్లీ వేశాను.

ఇంటికెళితే మా అపార్ట్‌మెంట్.
కింద ఒకప్పుడు కాలువుండేదని
ఇస్త్రీ బండి యాదమ్మ చెబుతుంది.
బోరు వెయ్యి అడుగులు దాటింది, ట్యాంకర్ మంగళవారం.
పెద్దవాన పడితే మాత్రం
నీళ్లు పాత దారి వెతుక్కుంటూ సెల్లార్‌లోకి వస్తాయి.
వాచ్‌మన్ వాటిని చీపురుతో కొడతాడు.

రిపోర్టు విడివిడిగానే రాశాను, మూడు వరసలు.
జానెడు. మూరెడు. నిలువెత్తు.
సెంటీమీటర్లు రాయలేదు.
సారు సంతకం ఇంకా కాలేదు.

నిన్న రాత్రి ముత్తయ్యే చేశాడు.
ఐదో గుంట తవ్వమంటరా, వానలు దిగకముందే?
తవ్వు, అన్నాను.
ఎంత లోతు మేడమ్?
మంచి నీళ్లు తగిలేదాకా అనబోయి
ఆగాను.
దిగాల్సింది అతను.